చిన్నాయనకు కొన్న ఈకల సంచి

కొత్తగా ఉద్యోగం వచ్చిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. (తల నెరిసే కొద్దీ ఒక్కొక్కటే తెలియకుండా పోతున్నాయి, అది వేరే సంగతి.) హైదరాబాదులో ఒక గదిలో నలుగురం సర్దుకుని ఉండేవాళ్ళం. మా ఊళ్ళో ఎవరు ఏం కొనాలన్నా ముందు నాకే ఫోను చేసేవాళ్ళు. పెద్దమ్మ మిక్సీ, మామ నీళ్ళ మోటారు, ఎదురింటివాళ్ళ కూలరు, అన్నీ నా తీర్పు మీద వచ్చినవే. జనం ఫోనులో రాసిన మంచీ చెడ్డా అంతా చదివి, ఏది కొనాలో జడ్జిలా చెప్పేవాణ్ణి. కొన్నది నాలుగు రోజులకే మూలన పడితే తప్పు వాడినవాళ్ళదే గానీ నాది కాదు. అంతటి ఘనుణ్ణి, ఒక్కసారి మాత్రం నిజంగా ప్రాణం పెట్టి ఒక వస్తువును ఎంచాను. అది స్లీపింగ్ బ్యాగు. కొండలెక్కేవాళ్ళు మంచులో గుడారం వేసుకుని, లోపలికి దూరి, గొంతుదాకా జిప్పు లాక్కుని పడుకుంటారే, ఆ సంచి. దాని కథ ఎవరికి చెప్పినా మొదట్లో నవ్వుతూనే చెబుతాను. చివరిదాకా ఆ నవ్వు నిలవదు.

మా ఆఫీసువాళ్ళు ఏటా ఎండాకాలంలో ఉద్యోగుల్ని హిమాలయాలకు తీసుకుపోయేవాళ్ళు. ఇంటి నుంచి ఒకరిని వెంట తెచ్చుకోవచ్చు. అందరూ భార్యల్నో భర్తల్నో తెచ్చుకునేవాళ్ళు. నాకింకా పెళ్ళి కాలేదు. ఎవరిని తెస్తావని మా సీనియర్ అడిగితే తడుముకోకుండా "మా చిన్నాయన్ని" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, పాపం ఈ కుర్రాడికి స్నేహితులు కూడా లేరనుకున్నట్టున్నాడు, మరో మాట మాట్లాడకుండా ఒప్పుకున్నాడు.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. మార్కాపురానికీ కొనకనమిట్లకూ మధ్య మా ఊరు. ఇంటిల్లిపాదీ గొర్రెలు కాసేవాళ్ళే అయితే, ఆయనొక్కడే మార్కాపురం పోయి పలకలు కోసే ఫ్యాక్టరీలో చేరాడు. సాయంత్రం బస్సు దిగేసరికి కనుబొమల నుంచి కాలివేళ్ళ దాకా తెల్లటి రాతిపొడి. ముసలాయన వచ్చినాడని పిల్లలమంతా కేకలు పెట్టేవాళ్ళం. ఆయన తువ్వాలతో దులుపుకుంటే లోపల్నుంచి మళ్ళీ వయసులో ఉన్న చిన్నాయన బయటికొచ్చేవాడు. మాకదొక గారడీ. నేను అక్షరాలు దిద్దిన పలకలన్నీ ఆయన తెచ్చినవే. చెక్క చట్రం మీద నా పేరు మేకుతో గీకి మరీ ఇచ్చేవాడు. తువ్వాలతో దులిపినా పోని పొడి కొంత ఆయన లోపలే ఉండిపోయిందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నలభై దాటేసరికి బస్టాపు నుంచి ఇంటికి రావడానికి మధ్యలో ఎక్కడో ఒకచోట కూర్చోవాల్సి వచ్చేది. పని మానేశాడు. పెళ్ళి అప్పటికే మానేశాడు. పెద్దవాళ్ళు మందతో పోతే, ఇంటి దగ్గర దొడ్లో ఉండే పాలుమరవని గొర్రెపిల్లల్ని చూసుకుంటూ ఉండేవాడు.

ఆయనకు ఉన్న కోరిక ఒకటే. ఫ్యాక్టరీలో ఆయన మిషనుకు ఎదురుగా గోడ మీద ఒక పాత క్యాలెండరు ఉండేదట, దాని మీద మంచుకొండ బొమ్మ. మిషను మోత, కళ్ళ నిండా పొడి, తలెత్తితే మంచుకొండ. పని మానేసిన రోజు ఆ క్యాలెండరు అడిగి తెచ్చుకుని మంచం పక్కన తగిలించుకున్నాడు. తేదీలు చూడ్డానికి పనికిరాని క్యాలెండరు ఎందుకని మా జేజి, అంటే ఆయన తల్లి, రోజూ సణిగేది.

ఫోను చేసి "చిన్నాయనా, మంచు చూస్తావా?" అన్నాను.

"యాడ? ఫ్రిజ్జిలోనా?"

"హిమాలయాల్లో. మా ఆఫీసోళ్ళు తీసుకపోతారు."

ఫోనులో మంచం కిర్రుమంది, క్యాలెండరు వైపు తిరిగినట్టున్నాడు. తరవాత మెల్లగా, "నడవాల్నా?" అన్నాడు.

"మనం పోయేది జీపు పోయేంతవరకే. ఆపైన కావాలంటే గుర్రమెక్కొచ్చు."

"గొర్రెలోళ్ళం గుర్రమెక్కితే ఊరంతా నవ్వదూ," అన్నాడు. ఆ గొంతులో సంతోషం నాకు తెలుస్తూనే ఉంది.

మార్కాపురంలో డాక్టరుకు చూపించాను. ఆయన ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూస్తూ, "ఈ ఏడైతే జాగ్రత్తగా పోయి రావచ్చు. వచ్చే ఏటి మాట నేను చెప్పలేను," అన్నాడు. "మరీ ఎత్తుకు ఎక్కనియ్యొద్దు. చలి తగలగూడదు. బరువు మోయగూడదు. పండుకున్నప్పుడు గూడా ఎదమీద బరువుండగూడదు." బయటికొచ్చాక చిన్నాయన ఏమీ ఎరగనట్టు "ఏమన్నాడురా?" అన్నాడు. "వెచ్చగా, తేలిగ్గా ఉండాలంట," అన్నాను. అంతే, అప్పటి నుంచి ఆ రెండు మాటలే నాకు జపం.

మా ఇళ్ళలో చలికి మందు గొంగడి. గొర్రె ఉన్నితో నేసింది, కప్పుకుంటే మంచు కాదు కదా పిడుగు పడినా తెలియదు. కానీ దాని బరువు! నిద్రలో పక్కకు తిరగాలంటే ఎవరైనా సాయం రావాలి. అందుకని స్లీపింగ్ బ్యాగుల మీద పడ్డాను. ఆఫీసులో పని చేస్తున్నట్టు ముఖం పెట్టి వాటి గురించే చదివేవాణ్ణి. దూదిలాంటి నైలాను పీచు నింపినవి కొన్ని. తడిసినా ఫరవాలేదు గానీ బరువు. బాతుల ఈకల అడుగున ఉండే మెత్తటి నూగు నింపినవి కొన్ని. వెచ్చదనానికి వెచ్చదనం, బరువంటారా, చేతిలో ఉన్నదీ లేనిదీ తెలియదు. కాకపోతే తడవకూడదు. (ఈ చివరి మాట నేను చదివాను, గుర్తు పెట్టుకున్నాను, మా ఇంట్లో చెప్పాల్సిన అవసరం ఉంటుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు. మార్కాపురంలో ఎండాకాలం తడిసేదేముంటుంది?)

దుకాణంలో స్వయంగా దూరి చూశాను. ఇంకొకరి ప్రాణానికి సంబంధించిన వస్తువు కదా, ఊరికే తెస్తే ఎట్లా? గొంతుదాకా జిప్పు లాక్కున్నాక అది ఎటూ కదల్లేదు. చేతులు లోపల, జిప్పు బయట. "అన్నా, జర తీయవా?" అని దుకాణం కుర్రాణ్ణి పిలిచాను. అతను వేరే బేరంలో ఉన్నాడు. గొంగళిపురుగులా పొర్లి కౌంటరు దాకా పోయి దాని కాలికి తల కొట్టాను. అక్కడున్న ఆడపిల్లలు ఇద్దరు ఫోన్లు బయటికి తీశారు. ఆ వీడియో ఎక్కడైనా కనపడితే దయచేసి నాకు చెప్పకండి. జిప్పు వదిలాక ఒళ్ళంతా చెమట. అంత వెచ్చగా ఉందంటే ఇంకేం కావాలని అదే కొన్నాను.

దాన్ని ఊరికి తెచ్చేసరికి ఎండలు మండుతున్నాయి. బస్సు దిగగానే తారు చెప్పులకు అంటుకుంది. ఆ మిట్టమధ్యాహ్నం, కాకి కూడా రెక్క విప్పని ఎండలో, మా వాకిట్లో వేపచెట్టు కింద మంచమేసి, మంచులో పడుకునే సంచిని చిన్నాయనకు తొడిగాం. ఆయన బుద్ధిగా కాళ్ళు చాపి, ముక్కుదాకా జిప్పు వేయించుకుని, "చలి ఒక్క రవ్వ తగలడంల్యా," అన్నాడు. నుదుటి మీద చెమట కాలువలు కడుతోంది. చుట్టూ చేరిన వాళ్ళు ఔనౌనన్నారు. పెద్దమ్మ మాత్రం బుగ్గన వేలేసుకుని, "ఏందిరా ఇది, మనిషిని మూట గట్టినట్టు..." అని ఏదో అనబోయింది. జేజి కళ్ళెర్రజేసింది. "నీ నోట్లో మన్ను బడ, ఆడనే ఆపు."

పెద్దమ్మ ఆపింది. కానీ అనకుండా ఆగిన ఆ మాట ఏమిటో మా అందరికీ తెలుసు. చిన్నాయనకూ తెలుసు. "లాగరా జిప్పు, ఉడికిపోతాండా," అని ఆయనే నవ్వాడు.

జేజికి సంచి నచ్చలేదు. ఇంటిల్లిపాదికీ గొంగళ్ళు ఎంచింది ఆమే. చేత్తో పిసికి, వాసన చూసి, "గొర్రె వాసన లేదు, మేక వాసన లేదు. గాలి నింపినారు. నిన్ను మోసం జేసినారురా అబ్బయా," అంది. దాని గొప్పతనం గురించి నేను పావుగంట ఉపన్యాసమిచ్చాను. అంతా విని, "నీళ్ళు ఆగుతాయా?" అని ఒక్క ప్రశ్న వేసింది. వానకు భయం లేదని, పైగుడ్డ మంచిదని చెప్పాను. ఆ జవాబే కొంప ముంచింది.

మా వైపు కొత్త గొంగడి కొనేటప్పుడు ఒక పరీక్ష ఉంది. నలుగురు నాలుగు మూలలు పట్టుకుంటారు. నడుమ బిందెడు నీళ్ళు పోస్తారు. కింద చుక్క రాలకపోతే నేత గట్టిదని కొంటారు. రాలితే బేరం లేదు. ఒకవేళ అప్పటికే కొని ఉంటే, చింతగింజలు దంచి, అంబలి కాచి, గొంగడికి పట్టించి ఎండబెడతారు. సందులన్నీ పూడి రేకులా బిగుసుకుంటుంది. తరతరాలుగా మా వాళ్ళను వానల్లో కాపాడిన విద్య ఇది. మర్నాడు నేనూ చిన్నాయనా ఆయనకు చెవులు మూసే టోపీ కొందామని మార్కాపురం పోయి (ఆ ఎండల్లో ఉన్ని టోపీ అడిగితే దుకాణదారు మా ఇద్దరి తలలూ చూసి మజ్జిగ తాగుతారా అన్నాడు) వచ్చేసరికి, ఇంటి దగ్గర ఆ విద్యంతా జరిగిపోయింది.

పైపక్క నీళ్ళు పోశారట. నిలిచాయి. జేజి సంతోషించింది. మనిషి పడుకునేది లోపల కదా, లోపలిపక్క కూడా చూడాలి కదా అని సంచిని తిరగేసి బిందె కుమ్మరించింది. లోపలున్న బాతులు ఎన్నాళ్ళ దాహం మీద ఉన్నాయో, అంతా తాగేశాయి. ఉబ్బిన సంచి కాస్తా ముద్దైపోయింది. ఇక జేజి వెనకాడలేదు. పొయ్యి వెలిగించింది. చింతగింజల అంబలి కాచింది. లోపలా బయటా శ్రద్ధగా పట్టించింది.

నేను వాకిట్లోకి వచ్చేసరికి గోడ పక్కన ఎవరో నిలబడి ఉన్నారనుకున్నాను. అది మా సంచి. అప్పడంలా ఎండి, ఎవరి సాయం లేకుండా నిలబడి ఉంది. ఒక గొర్రెపిల్ల దాని అంచు నాకుతోంది. జేజి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఇప్పుడు పోండి. ఆకాశం విరిగి పడినా చుక్క దూరదు," అంది.

సంచిని వేలితో కొడితే టకటకమంది. నాకు కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. ఎంత చదివి, ఎంత వెతికి, నేలమీద ఎంత పొర్లి తెచ్చాను! అంతలో పక్కనుంచి చప్పుడు. చిన్నాయన నవ్వుతున్నాడు. చేతిలో ఉన్ని టోపీ పట్టుకుని, గోడకు ఆనుకుని, కళ్ళ నీళ్ళు కారేటట్టు. "అమ్మా, దానికి రెండు కాళ్ళు పెట్టు, అదే పోతాది హిమాలయాలకు," అన్నాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగలేదు. జేజి పరుగున పోయి నీళ్ళు తెచ్చింది, నేను వీపు రుద్దాను. అరచేతి కింద ఆ వీపు గుండ్రాళ్ళ సంచిలా గరగరమంటోంది. నా కోపం ఎటు పోయిందో ఎటు పోయిందో, మళ్ళీ కనపడలేదు.

అసలు సంగతి చెబితే జేజి కూలబడిపోయింది. "బాతు ఈకలని ముందే చెప్పొచ్చుగదరా. లోపల గాలే అనుకుంటి. నా బిడ్డ వెచ్చగా ఉండాలనే గదా," అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆఫీసులో ఒకతని సంచి అరువు తెస్తాను లెమ్మని ఎంత చెప్పినా వినలేదు. తాను చెడగొట్టిందాన్ని తానే బాగు చేయాలని పట్టుబట్టింది. కుట్లు విప్పి, నూగంతా బయటికి తీసి, తొట్టిలో ఎన్ని నీళ్ళు మార్చిందో, జిగురు పోయేదాకా కడిగింది. పలచటి చీర కప్పి రోజుల తరబడి ఎండబెట్టింది. ఎండింది గానీ ఉండలు కట్టింది. దానికీ మా ఇంట్లో ఒక సాధనం ఉంది, ఉన్ని ఏకే విల్లు. బిగించిన నారి ఉన్నిలో పెట్టి మీటితే చిక్కులు విడి మబ్బులా పొంగుతుంది. నేను వద్దనేలోపే జేజి నూగు ముందు కూర్చుని, నారి సారించి, టంగున మీటింది.

ఉన్నికీ ఈకకూ తేడా అప్పుడు తెలిసింది. ఒక్క మీటుకు వాకిలంతా తెల్లబడింది. జేజి ఏం జరిగిందో అర్థం కాక మళ్ళీ మీటింది. దానికి తోడు పడమటి గాలి లేచింది. నూగు వేపచెట్టు కొమ్మల్లోకి పోయింది, దొడ్లోకి పోయింది, గొర్రెపిల్లల వీపుల మీద వాలింది, పెద్దమ్మ తెరిచిన నోట్లోకి కూడా పోయింది. చిన్నపిల్లలు అరుచుకుంటూ దాని వెంట పడ్డారు. నేను జల్లెడ పట్టుకుని గాల్లో ఎగురుతున్న నా స్లీపింగ్ బ్యాగును పట్టుకోవడానికి పరిగెత్తుతున్నాను.

అప్పుడు చిన్నాయన్ని చూశాను. మంచం మీద కూర్చుని రెండు అరచేతులూ చాపాడు. తల మీద, భుజాల మీద, కనుబొమల మీద తెల్లగా. సాయంత్రం బస్సు దిగే ముసలాయన అచ్చంగా మళ్ళీ వచ్చాడు. నేను జల్లెడ కింద పెట్టాను.

"ఒరే, మంచు ఇట్లనే పడతాదా?" అన్నాడు.

నేనప్పటిదాకా మంచు చూసిన పాపాన పోలేదు. అయినా జడ్జి కదా. "అచ్చం ఇట్లనే, చిన్నాయనా," అన్నాను.

ఆయన మెల్లగా ఊపిరి పీల్చాడు. "ఇది మేలురా. నేను పనిజేసినన్నాళ్ళూ మీద పడిందే, దానికన్నా ఇది మేలు. గొంతులో గుచ్చుకోదు." ఒక నూగుపోచ ఆయన పెదవి మీద వాలింది. ఊదితే పోతుందేమోనన్నట్టు దాన్ని అట్లాగే ఉంచుకుని కూర్చున్నాడు.

మేం హిమాలయాలకు పోలేదు. ప్రయాణం ఇంకో వారముందనగా ఆయనకు ఆయాసం ఎక్కువైంది. మార్కాపురం డాక్టరు ఒంగోలు పంపించాడు, ఒంగోల్లో ముక్కుకు గొట్టం పెట్టి, ఇక కొండల మాట ఎత్తొద్దన్నారు. సంచి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అయింది. "నువ్వన్నా పోయిరా, ఎట్లుందో వచ్చి చెప్దువు," అన్నాడు చిన్నాయన. నాకు మనసొప్పలేదు. "నేను చూసినా గదరా, నీకేం బాధ," అని నన్నే ఓదార్చాడు. ఆ మాట నాకు ఇప్పటికీ తట్టుకోవడం కష్టం.

చలికాలం వచ్చేసరికి ఆయన ఎద గొంగడి బరువు కూడా ఆపలేకపోయింది. కప్పితే ఊపిరాడదు, తీస్తే వణుకు. అప్పుడు జేజి ఒక మూట బయటికి తీసింది. ఆ రోజు వేపకొమ్మల్లో, దొడ్లో, గొర్రెపిల్లల వీపుల మీద చిక్కిన నూగంతా మా ఎవరికీ చెప్పకుండా ఏరి దాచిందట. చిరిగిన సంచి పైగుడ్డనే రెండు ముక్కలు చేసి, నడుమ ఆ నూగు పెట్టి, ఎదకు సరిపడా చిన్న బొంత కుట్టింది. (వేపాకులు కొన్ని కూడా దాంట్లోకి పోయాయి. కుట్టేటప్పుడు ఆమెకు చూపు ఆనలేదు.) అది కప్పగానే చిన్నాయన వణుకు తగ్గింది. వేళ్ళతో దాన్ని తడుముతూ నావైపు చూసి, "వెచ్చగా ఉండాదిరా. బరువే లేదు. మంచిదే తెచ్చినావు," అన్నాడు. నేను ఎంచిన వస్తువుల్లో ఎవరైనా నన్ను మెచ్చుకున్నది అదొక్కటే. ఆయన పోయినప్పుడు కూడా అది ఆయన ఎదమీదే ఉంది. మా వాళ్ళు పూడ్చిపెడతారు. జేజి దాన్ని తియ్యనివ్వలేదు.

పోయిన ఏడు నేనూ నా భార్యా మొదటిసారి మంచుకొండలకు పోయాం. బయల్దేరే ముందు జేజికి ఫోను చేసి, సంచులు అక్కడే అద్దెకిస్తారని చెప్పాను. ఆమెకిప్పుడు వినపడేది తక్కువ. అయినా "నీళ్ళు పోసి చూసినావా?" అని అడిగింది. చూశానని చెప్పాను.

రెండో రోజు పొద్దున గుడారం బయట మంచు పడింది. నేను అరచేతులు చాపి నిలబడ్డాను. చిన్నాయనా, ఇట్ల పడదు. ఆ రోజు నేను నీకు చెప్పింది పచ్చి అబద్ధం. ఇది పైనుంచి కిందికి దిగడమే తప్ప మళ్ళీ పైకి లేవదు, చెట్టెక్కదు, గొర్రెపిల్లల వెంట పరిగెత్తదు. చేతిలో పడితే నిలవదు, కరిగి కాలరులోకి కారుతుంది. మన వాకిట్లో పడిందే బాగుంది.

కొంత పైకే అన్నట్టున్నాను. నా భార్య సంచిలోంచి తల బయటపెట్టి, "ఎవరితో మాట్లాడతాండావు?" అంది. ఎవరితోనూ కాదన్నాను. ఎత్తుకు తల తిరిగిందేమోనని నన్ను లోపలికి లాగి, సంచిలో దూర్చి, గొంతుదాకా జిప్పు వేసింది. వెచ్చగానే ఉంది. కానీ బరువు.